చెయ్యి అదరని విల్లు

ఫ్రిస్కో (టెక్సాస్), కింది గది
నవంబరు 2, ఆదివారం

పై గదిలో ఉన్న బావగారు ఆంజనేయప్రసాద్ గారికి, మీ వియ్యంకుడు అంజయ్య మెట్ల కిందనుంచే పెడుతున్న నమస్కారాలు.

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి, మన్నించండి. ఎదురుగా నిలబడితే నాకు నోరు పెగలదు. అందుకే కాగితం.

ఇక్కడ అందరం క్షేమం. మీరు అలిగి పైనే భోంచేస్తున్నారు గనక వంకాయ కూరను మెచ్చుకునేవాళ్లు లేరు. టికెట్టు ముందుకు జరిపి వెళ్లిపోతానని మీ అబ్బాయి శశికాంత్‌తో అన్నారట. మీరు దంపతులిద్దరూ పోతే, పిల్లలు ఆఫీసులకు పోయాక ఈ ఇంట్లో నేనూ డిష్‌వాషరూ మిగులుతాం. నాకంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.

ఆ రోజు జరిగింది నాకూ బాధే. పెరట్లో కొట్టేసిన, ఇక్కడ విల్లు కర్రకు పేరుపడ్డ బోడార్క్ చెట్టు దుంగతో నేను చెక్కిన విల్లు మీరు ఎక్కుపెట్టి వదిలారు. బాణం బాగానే పోయింది. విల్లు మాత్రం మీ చేతిని ఎడాపెడా కుదిపింది, పళ్ల సెట్టు గడ్డిలో పడింది. పక్కింటావిడ ‘ఓ మై గాడ్’ అంది. మీరేమో ‘ఇది విల్లా, కరెంటు తీగా? నన్ను పంపించెయ్యడానికే చేశావా బావా’ అని పైకెక్కారు.

అప్పటినుంచీ దాని పనిమీదే ఉన్నాను. బాణంతో పోని బలమంతా చేతికే తిరిగొస్తుంది. కొనలు బరువైతే మరీనూ. అందుకని ఆకురాయి పట్టి కొనలు చిటికెన వేలంత సన్నం చేశాను. దసరా పూజలో కొనలకు కట్టిన నల్లదారం బుడిపెలు మాత్రం ముట్టుకోలేదు, దేవుడివి కదా. బరువు బాణం కూడా వేసి చూశాను. అయినా తన్నింది, మా పాత గేదెలాగ.

నిన్న ఒక చిన్న పని చేశాను. ఇప్పుడు బాణం వదిలినట్టే చేతికి తెలియదు. మీ పళ్లకు పూచీ నాది.

ఒక్కసారి దిగి రండి. ఈ ఉత్తరాన్ని మీ తలుపు కిందనుంచి తోస్తున్నాను. జవాబు కూడా అటునుంచే తోయండి, టీ చల్లారకముందే.

మీ
అంజయ్య

తా.క. ఆ చిన్న పని ఏమిటంటే, భయపడుతూనే నల్లదారం విప్పాను. లోపల కొనకొకటి, వేలెడేసి రాగి తాయెత్తులు! తన్నిందంతా ఆ బరువే. కట్టింది మా చెల్లెమ్మ, అంటే మీ ఇంటావిడ పద్మజ. మీ చేతికి దెబ్బ తగలకూడదని కట్టిందట. మీతో చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. రాయనని వేయించుకోలేదు. మీరు తెలియనట్టే ఉండండి. ఇప్పుడు వాటిని మీ పళ్ల డబ్బాకు కట్టమంటోంది.