తాడు నెట్టదు

మంగళవారం రాత్రి, నరసరావుపేట

ఇవాళ మెకానిక్స్ అసైన్‌మెంట్లు దిద్దాను. రెండు తాళ్లకు వేలాడే బండరాయి లెక్క. అందరి కాగితాల్లోనూ ఒక తాడులో టెన్షన్, అంటే అది లాగే బలం, మైనస్ అని ఉంది. అంటే ఆ తాడు రాయిని లాగడం మానేసి నెడుతోందన్నమాట! ఎవడో ఈక్వేషన్‌లో ఒక గుర్తు తప్పుగా కొట్టి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మిగతావాళ్లంతా దాన్నే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి, వచ్చింది రాసేశారు.

ఆ సాఫ్ట్‌వేర్ నేర్పింది నేనే. "లెక్క సంగతి అది చూసుకుంటుంది, మీరు ఆలోచించండి" అని గొప్పగా చెప్పాను కూడా.

అన్నిటికన్నా సువార్త కాగితం చూస్తే ఏడుపొచ్చింది. రొంపిచెర్ల నుంచి బస్సులో వచ్చే ఆ పిల్ల బొమ్మ గీసుకుని, చేత్తో చేసి, సరైన జవాబే రాసింది. తర్వాత దాన్ని కొట్టేసి పక్కన మైనస్ జవాబు పెట్టింది. పిలిచి అడిగాను.

"అందరికీ మైనసే వచ్చింది సార్. నాకొక్కదానికే వేరే వచ్చింది. నాదే తప్పనుకున్నా."

"తాడు యాడన్నా నెట్టుద్దా అమ్మా?"

"నెట్టదు సార్. కానీ కంప్యూటర్ చెప్పిందిగా."

తిట్టాలనుకున్నాను, క్లాసుకి వెళ్లమన్నాను. ఇంక వీళ్లకి ఏం చెప్పను, ఏ మొహంతో చెప్పను...

పొద్దున కాగితం తర్వాత కాగితంలో అదే మైనస్ కనబడేసరికి, నాదే తప్పేమోనని నేనూ ల్యాప్‌టాప్ తెరిచి, నా ఈక్వేషన్ ఆ సాఫ్ట్‌వేర్‌కే ఇచ్చాను. ఏళ్ల తరబడి ఇదే లెక్క బోర్డు మీద చేస్తున్నవాణ్ణి, నా జవాబే సరైనదని అది ఒప్పుకున్నాకే ఎర్ర పెన్ను పట్టుకున్నాను.