నలభై దాటని బావకు

బావా,

నువ్వు పోయినప్పటి నుంచి కారు నేనే నడుపుతున్నాను కదా, టైర్లు నున్నగా అరిగిపోయాయి. ఈ రోజు ఉప్పల్‌లో, నువ్వెప్పుడూ వెళ్లే షాపులోనే, కొత్తవి వేయించాను.

డ్రైవర్ డోరు తీస్తే లోపలి స్టిక్కరు మీద 145/70 R12 అని ఉంది. పాత టైరు మీదేమో 145/80 R12. షాపాయన నవ్వి, "అక్కా, ఇవి కంపెనీ సైజు గావు. సార్ జర ఎత్తువి ఏయించిండు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలం నాచారం గుంతల్లో కారు అడుగు తగులుతోందని నువ్వే మార్పించావు. మొదటి అంకె టైరు వెడల్పు. రెండోది దాని ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. చివరి పన్నెండు రిమ్ముది. టైరు ఎత్తు పెరిగితే చక్రం తిరిగిన ప్రతిసారీ కారు ఇంకాస్త ముందుకు పోతుంది, కానీ స్పీడు చూపించే ముల్లుకు ఆ సంగతి తెలియదు.

అంటే, "నా జన్మల నలభై దాటలె" అని ప్రతి పెళ్లిలో గొప్పలు పోయిన నువ్వు, ఇన్నేళ్లూ ముల్లు నలభై చూపిస్తుంటే నలభై రెండులో నడిపావు! షాపులోనే పగలబడి నవ్వాను.

"ఏమైందక్కా?"

"మా ఆయన బండారం బయటపడ్డదన్నా!"

స్టిక్కరు మీది సైజే వేయించాను. ఇంటిదాకా ముల్లును నలభై దాటనివ్వలేదు. వెనక ఆటోలవాళ్లు ఒకటే హారన్లు. నీ మాట ఇన్నాళ్లకు నిజం చేశాను. పక్క సీట్లోంచి "జర జల్ది పోనియ్యి బావా" అని సతాయించేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.