కెమెరా సంచి, సముద్రపు ఆవు

ప్రియమైన బుల్లికి,

ఫోన్ చేశావని మీ బావ చెప్పారు. చెవులు పాడయ్యాక ఫోన్లో మాటలు నాకు తేనెటీగల రొదలా వినిపిస్తున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

నా బదులు దీవికి వెళ్తానన్నావు కాబట్టి నీళ్ళలో ఫోటోలు తీసే నా సంచి పంపుతున్నాను. స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసే చేతులకి అది బరువే, కానీ నేను నేర్పిన ఈత మరిచిపోయి ఉండవు. ముందు విమానం సంగతి విను. సంచిని కింద సామాన్లలో వెయ్యనివ్వకు. నీ తలమీది అరలోనే ఉండాలి. బరువెక్కువైందంటే లెన్సులు కోటు జేబుల్లో కుక్కు, కోటుని ఎవరూ తూకం వెయ్యరు. విడి బ్యాటరీలు చేతి సామానులోనే ఉండాలని వాళ్ళ నియమం. కొసలకి టేపు అంటించు. కెమెరా తడవకుండా బిగించే డబ్బా ఉంది చూడు, హౌసింగు, దాని మూత రబ్బరు రింగు తీసేసి పెట్టు. లేకపోతే పైన గాలి పలచబడి, దిగాక మూత కరుచుకుపోతుంది. ఏనుగుతో లాగించినా రాదు. తనిఖీ దగ్గర జోకులు వెయ్యకు.

విచారణ సోమవారం. దీవి తీరం తవ్వి రేవు కట్టాలనుకున్న కంపెనీ వాళ్ళు అదంతా వట్టి ఇసుకేనని రిపోర్టు రాశారు. అక్కడ గడ్డి ఉంది, దాన్ని మేసే సముద్రపు ఆవులున్నాయి. నేను ఏళ్ళ తరబడి నీళ్ళలోకి దిగితే దొరికింది ఒక్క మసక తోక ఫోటో. ఒక్క మంచి ఫోటో ఉంటే తవ్వకం ఆగుతుంది.

జాగ్రత్త.
మీ అక్క


ప్రియమైన అక్కకి,

దీవికి చేరాను. నేను చేరాను, సంచి చేరలేదు. కాస్త ఓపిగ్గా చదువు.

పెద్ద విమానం దగ్గర అంతా నువ్వు చెప్పినట్టే జరిగింది. తనిఖీ ఆయన హౌసింగుని అటూ ఇటూ తిప్పి, "ఏంటమ్మా ఇది?" అన్నాడు.

"కెమెరాకి రెయిన్‌కోటండీ."

"వానెక్కడుంది?"

"కిందండీ."

ఆయన నవ్వలేదు. లైట్లు, వాటి కడ్డీలు ఒక్కొక్కటే బయట పెట్టించాడు. వద్దన్నావుగా, నాదే తప్పు.

చిక్కంతా రెండో విమానంతో వచ్చింది. ఆటోకి రెక్కలు పెట్టినట్టుంది. అక్కడ కోటుతో సహా మనిషినే కాటా ఎక్కిస్తారు. ఒకావిడ తన భర్తని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్తోంది. ఆయనతో పాటు ఊపిరి మిషను. మిగతావాళ్ళ దగ్గర ఉన్నవి పూచికపుల్లంత సామాన్లు. పైలట్ నా దగ్గరికొచ్చి, "ఆ మిషనో, మీ సంచో, ఏదో ఒకటేనండీ. రెండూ అంటే బండి లేవదు" అన్నాడు. ఆవిడ నన్నేమీ అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు.

సంచి టికెట్ల గుమాస్తాకి అప్పగించాను. తర్వాతి విమానం విచారణ అయ్యాకే. మెళ్ళో కెమెరా ఉంది, జేబుల్లో లెన్సులున్నాయి. హౌసింగు లేదు. ఈ ఉత్తరం అదే విమానంలో వెనక్కి పంపుతున్నాను.

తిట్టాలనిపిస్తే తిట్టు.
నీ బుల్లి


బుల్లీ,

ఆయనకి ఆ మిషను కావాలి, కాదనను. నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్నేమో. కానీ నేను చెవులు పోగొట్టుకుంది ఆ ఒక్క ఫోటో కోసం. నీ ఉత్తరం చదివాక, స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా లేచి వెళ్ళబుద్ధి కాలేదు.

ఇది నీకు చేరేసరికి విచారణ అయిపోయి ఉంటుంది. ఇక అక్కడ చేసేదేముంది? వచ్చెయ్.

అక్క


ప్రియమైన అక్కకి,

నీ కోపం, నీ సంచి ఒకే విమానంలో వచ్చాయి. రెండూ భద్రంగానే ఉన్నాయి.

ఆదివారం ఏమీ తోచక తీరానికి వెళ్ళాను. ఆటు మీదుంది సముద్రం, నీళ్ళు ఎక్కడికో వెనక్కి పోయాయి. నువ్వెప్పుడూ పోటు చూసుకుని పడవలో వెళ్ళేదానివి. దిగడానికి సామాను లేనిదాన్ని, నేను చెప్పులు చేత పట్టుకుని నడిచాను. చీలమండల లోతు నీళ్ళు, అడుగున గడ్డి. ఆ గడ్డి మధ్యలో జానెడు వెడల్పున బోడి చారలు, మెలికలు తిరుగుతూ. మంగలి సగం గొరిగి టీకి వెళ్ళిపోయినట్టు! వంగి చూస్తే గడ్డి వేళ్ళతో సహా పెకిలించి ఉంది, ఏదో మేసుకుంటూ పోయినట్టు. పక్కన నా పాదం పెట్టి, పాస్‌పోర్టు ఫోటో అంత శ్రద్ధగా తీశాను.

విచారణలో కంపెనీ ఇంజనీరు, "అవి లంగరు ఈడ్చిన గీతలండీ" అన్నాడు.

అధికారిణి ఫోటోలు దగ్గరగా పెట్టుకుని చూసింది. "లంగరు గడ్డి తింటుందా?" అంది. "ఆటు ఎప్పుడు?"

పాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఆవిడే ముందు నడిచింది. ఇంజనీరు బూట్లు చంకన పెట్టుకుని వెనకాల. పొద్దున మేసిన చారలు కనిపించాయి, కొత్తవి. గడ్డి తుంపులు ఇంకా నీళ్ళ మీద తేలుతున్నాయి.

తవ్వకం రద్దు కాలేదు, ఆగింది. తీరమంతా మళ్ళీ సర్వే చేయించాలన్నారు. ఈ తీరం బాగా తెలిసినవాళ్ళెవరని అడిగితే నీ గురించి చెప్పాను. వాళ్ళకి జవాబు కావాలి. నాకూ.

నీ బుల్లి


ప్రియమైన బుల్లికి,

ఇన్ని రోజులు రాయలేదు. కోపంతో కాదు. నువ్వు పంపిన ఫోటోలు గోడకి అంటించుకుని వాటి ముందే కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆ చారల మీదుగానే పడవ పోనిచ్చి, లోతుల్లో వెతికాను. మొదట ఆ ఏళ్ళన్నీ లెక్కపెట్టుకున్నాను. తర్వాత నవ్వొచ్చింది, ఎంతకీ ఆగలేదు. మీ బావ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

నిన్న చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకు వినపడాలని ఆయన అరిచాడు, వినపడుతోందో లేదోనని నేనూ అరిచాను. బయట కూర్చున్నవాళ్ళు గొడవ జరుగుతోందనుకున్నారట.

"తల నీళ్ళలో ముంచకూడదు. ఇక ఎప్పటికీ!"

"మరి చీలమండలు?"

ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"కాళ్ళకేమండీ, ఎంతసేపైనా తడుపుకోండి!"

సముద్రంతో నా పని తీరిపోయిందనుకునే ఆ సంచి నీకు పంపాను బుల్లీ. ఆ మాట అప్పుడు నీతో అనలేకపోయాను.

సర్వేవాళ్ళతో ఒప్పుకున్నానని చెప్పు. శుక్రవారం ఓడలో బయలుదేరుతున్నాను. దిగగానే ఎటు నడవాలో చూసి ఉంచు.

మీ అక్క