బిగించి చుట్టిన తాడు

జడ్చర్ల, 1962
ఆషాఢం, మంగళవారం

లారీ పొగగొట్టానికి నేను చుట్టిన ఆస్‌బెస్టాస్ తాడును ఇవాళ నా చేతులతోనే విప్పాను. తాడుతో పాటు ఇనుము కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చింది. గొట్టానికి వేలు దూరేంత చిల్లు.

డ్రైవర్ సాయిలు కాళ్లకు సెగ కొడుతోందంటే ఎండాకాలంలో చుట్టాను. నేతగాని కొడుకును కదా, కండెకు నూలు చుట్టినట్టు సందు లేకుండా బిగించాను. బాపు చూసి, "మగ్గం ఇడిసిపెట్టినా చెయ్యి మర్వలే బిడ్డా" అని మురిసిపోయాడు. వేడికి బయటికి దారి లేకపోతే ఇనుము లోలోపలే కాలిపోతుందని నాకు తట్టనే లేదు.

పోయిన వారం సాయిలు నేను లారీలు బాగుచేసే షెడ్డుకు వచ్చి, "అన్నా, పొగ లోపలికి వస్తాంది, తలకాయ తిరుగుతాంది" అన్నాడు. విప్పి చూడాల్సింది. అంత చక్కగా చుట్టినదాన్ని విప్పబుద్ధి కాలేదు. "గది నీ బీడీ పొగనే" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

ఈ రోజు మక్తల్ నుంచి జొన్న బస్తాలతో వస్తూ సోయి తప్పి స్టీరింగ్ మీదే వాలిపోయాడు. లారీ చేను గట్టుకు తగిలి ఆగింది కాబట్టి బతికాడు.

తప్పు నాదని చెప్పడానికే సాయంత్రం దవాఖానకు పోయాను. నేను నోరు తెరవకముందే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పిన కాడికెల్లి బీడీ ముట్టలే అన్నా, ఒట్టు. అయినా గిట్లెందుకైందో..."

"మంచిగ చేసినవ్" అన్నాను. అని, ఇంటికి వచ్చేశాను.