వీపు మీది గాయం

కోల్‌కతా, ఏక్‌బాల్‌పూర్‌లో కాపురముంటున్న మాజీ సైనికుడు గెద్ద కొండయ్య అనే నేను నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా వీపులో మిగిలిపోయిన ఫిరంగి గుండు ముక్క వెన్నుపూస వైపు జరిగిందట. సోమవారం ఆపరేషన్. భయంగా ఉంది గాని మతి స్థిరంగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు.

1. నా ఇంటిని నా భార్య సింహాచలమ్మ జీవితాంతం అనుభవించాలి. తదనంతరం అది మా కూతురు పుష్పరాణికి సర్వహక్కులతో చెందాలి. కాళీపూజ టపాసులకు నేను మంచం కింద దూరినప్పుడల్లా సింహాచలమ్మ తలుపేసి నా పక్కనే నేల మీద కూర్చునేది. ఆ సంగతి ఈనాటికీ బయట పొక్కనివ్వలేదు.

2. మా వీధి క్లబ్బు గోడ మీద నా బొమ్మ ఉంది. అందులో తుపాకీ ఎత్తి కొండెక్కుతున్నాను. రొమ్ము మీద ఎర్రటి గాయం. అది అబద్ధం. కార్గిల్‌లో కాలు తెగిపడిన ఉమామహేశ్ మీదికి వంగి కట్టు కడుతుంటే నా వెనక గుండు పేలింది. అతను బతకలేదు. చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. ఈ మాట చెబితే క్లబ్బు కార్యదర్శి ప్రదీప్‌కుమార్, "బాబాయ్, ఈపు మీద ఏస్తే పారిపోయినాడంటారు. రొమ్ము మీదే ఉండాల" అన్నాడు. అప్పటినుంచి ఎంత ఉక్కలోనూ బనియను విప్పలేదు. చచ్చాక స్నానం చేయించేటప్పుడు అందరూ చూస్తారని హడలిపోతున్నాను. ఆ బొమ్మకు సున్నం కొట్టించాలి.

3. పుష్పరాణి కూతురు అశ్విని బొమ్మలు నేర్చుకుంటోంది. మొన్న ఆసుపత్రిలో నా వీపు చూసి ఉన్నదున్నట్టు గీసింది. నా వీపును నేను చూడటం అదే మొదలు. ఒళ్లు జలదరించి, చింపెయ్యమన్నాను. "చింపను తాతా. దెబ్బ నీది గదా, క్లబ్బోల్లది ఏటి?" అంది. ఆ బొమ్మా, నా పతకమూ అశ్వినివే. నా శవం దగ్గర ఆ బొమ్మే పెట్టాలి. ఆమెకు తెలుగు చదవడం రాదు, పుష్పరాణి ఇది చదివి వినిపించాలి. వీలునామా అమలు బాధ్యత కూడా పుష్పరాణిదే.

4. నా తమ్ముడు రాజా, నా గాయం వీపు మీదని తెలిసి, ఒక పెళ్లి పంక్తిలో నలుగురూ వింటుండగా "మా అన్న ఎన్ను చూపినోడు" అన్నాడు. వాడికి ఆస్తిలో భాగం లేదు. ఉన్ని కోటు మాత్రం ఇవ్వండి, వాడు చలికి ఓర్వలేడు. నేను పోతే నా వీపు మీద నీళ్లు వాడే పొయ్యాలి. గుడ్డ కప్పకుండా, మచ్చ మచ్చనూ చేత్తో తడిమి కడగాలి.

ఒకవేళ బతికి ఇంటికొస్తే, బనియను విప్పి కూర్చుని, ఆ నీళ్లు అప్పుడే పొయ్యమని వాణ్ణి అడుగుతాను.

తేదీ: 14 నవంబరు 2025

(సంతకం) గెద్ద కొండయ్య

సాక్షులు:
మేరీరాణి, పక్కింటి నర్సు
జయప్రకాశ్, కార్పొరేషన్ ఉద్యోగి