మూడు నిమిషాల వీడియో

మే 18, శావల్యాపురం

కాంట్రాక్టు పొడిగించడం లేదని ఫుట్‌బాల్ క్లబ్ మెయిల్ పంపింది. రెండు లైన్లు. రెండో లైన్ థాంక్స్.

ఏడు సీజన్లు, తొంభై ఒక్క మ్యాచ్‌లు, రెండు గోల్స్. అందులో ఒకటి పెనాల్టీ. వయసు ఇరవై తొమ్మిది. ఈ సీజన్‌కు టీమ్ దొరక్కపోతే మళ్ళీ ఎవరూ పిలవరు.

అసలు నీ పనేందే అని అమ్మ ఇవాళ కూడా అడిగింది. అవతలివాళ్ళ దాడిని మధ్యలోనే ఆపడం అన్నాను. ఆపితే ఎన్ని పాయింట్లు అంది. లేవు అన్నాను.

మే 21

గోవా క్లబ్ మేనేజర్ ఫోన్. మిడ్‌ఫీల్డ్‌లో ఒక్క ఖాళీ ఉందట. ఇరవై ఐదులోగా మూడు నిమిషాల హైలైట్స్ వీడియో పంపాలట.

తొమ్మిది మ్యాచ్‌ల రికార్డింగులు చూశాను. కెమెరా ఒకటే. అది బంతి వెంట పోతుంది. నేను బంతి రాబోయే చోటికి పోతాను. నేను కనపడేదంతా ఏరితే నలభై సెకన్లు వచ్చింది.

మే 23, నరసరావుపేట

సుహైల్ అన్న స్టూడియోకి వెళ్ళాను. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీస్తాడు. ఏందమ్మా, బంతి తగలగానే ఇచ్చేస్తన్నావు, కాసేపు ఉంచుకోగూడదా అన్నాడు. అదే నా పని అన్నాను. పెళ్ళిలో వడ్డించేవాళ్ళను ఎవరు తీస్తారు చెప్పు, నాకొదిలెయ్ అన్నాడు.

ఊళ్ళో సిగ్నల్ అంతంత మాత్రం. మేనేజర్ నంబరు ఇచ్చి, పూర్తవగానే అన్ననే నేరుగా పంపమన్నాను.

మే 26

మేనేజర్ ఫోన్. ఏడాది కాంట్రాక్టు ఇస్తారట. ఎడమ కాలితో కొట్టిన గోల్ చాలా నచ్చిందట.

నాది కుడి కాలు.

బస్సెక్కి పేట వెళ్ళి వీడియో చూశాను. మొదటి నిమిషం అంతా మా స్ట్రైకర్ కొట్టిన గోల్స్. ముఖం కనపడని షాట్లు ఏరాడు. వాటి మీద పూలరేకులు రాలుతుంటే నా పేరు తిరుగుతూ వస్తోంది. సుహైల్ అన్న తడబడలేదు. పెళ్ళికి రాలేని దుబాయ్ బాబాయిని ఆల్బమ్‌లో దూర్చటంలా, ఇదీ అట్టాగే, చొక్కా ఒకటేగా అన్నాడు. అతని వృత్తిలో అది మర్యాద. నేను అరిచాను. చూడకుండా పంపమన్నది నేనే.

అమ్మ, నోరు మూసుకొని పోవే, అక్కడికి పోయినాక నువ్వే కొడుదువులే గోల్స్ అంది.

మే 27

మెయిల్ రాశాను. పంపలేదు.

మే 28

పంపాను. ఆ గోల్స్ నావి కావని రాశాను. పోయిన సీజన్‌లో సున్నా-సున్నాతో ముగిసిన మ్యాచ్ ఒకటి, తొంభై నిమిషాలూ కోత లేకుండా జత చేశాను. ఆరో నంబర్ చొక్కా నేను.

జూన్ 2

కాంట్రాక్టు లేదు. మోసం చేసిన మనిషిని తీసుకోలేమని మేనేజర్ అన్నాడు. ఆ సంగతి చెప్పింది కూడా నేనే కదా అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

నిన్నెవరన్నా అడిగారా తల్లీ నిజం చెప్పమని, అన్నాడు సుహైల్ అన్న. పేటలో ఏదో స్కూల్లో పీఈటీ పోస్టుందట, తొమ్మిదిన ఇంటర్వ్యూకి పొమ్మని అమ్మ. ఎవరి మీద కోపమో తేలడం లేదు. కాలువ కట్ట మీద పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తాను. తగ్గలేదు.

జూన్ 5

అమ్మ నా బూట్లు అట్టపెట్టెలో సర్ది అటకెక్కించింది. దించాను.

జూన్ 9, ఉదయం 6.10

గోవా క్లబ్ కోచ్ ఫోన్. మ్యాచ్ మొత్తం రెండుసార్లు చూసిందట. ట్రయల్‌కు పిలిచేముందు ఒకటి తెలియాలంది. అరవై మూడో నిమిషంలో పదకొండు సెకన్లు నేను కెమెరాలో లేను, ఎక్కడికి పోయానని.

మా లెఫ్ట్ బ్యాక్ తన చోటు వదిలి ముందుకు వెళ్ళింది, ఆ ఖాళీలో నిలబడ్డాను అన్నాను.

బంతి అటు రానేలేదుగా అంది.

నేనున్నాననే రాలేదు అన్నాను.