తొమ్మిది తలలు

మా ఇంటి టీచరమ్మకి,

ఇక్కడ నేను క్షేమం, వంటింటి కుళాయి క్షేమం, నువ్వు వద్దంటున్నా కొన్న గోడ గడియారం కూడా క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఇరవై ఆరుగురు పిల్లలూ బాగున్నారనుకుంటున్నాను. అనుకోవడమేమిటి, బాగుండక ఏం చేస్తారు! మీ బడి మూయడం లేదు. నలభై మంది కంటే తక్కువున్న బడులన్నీ ఎత్తేసి దూరపు బడుల్లో కలపాలన్న ఉత్తర్వును ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఈ ఉత్తరం చేరేలోపే నీకు తెలిసిపోతుంది. అయినా నా చేత్తో రాయాలని ఉంది.

పొద్దున సెలూన్లో సగం గడ్డం మీద ఉండగా రేడియోలో చెప్పారు. ఒక్కసారిగా లేచి నిలబడ్డాను. "కూర్చోండి మహానుభావా, చెవి తెగిపోతుంది!" అని సెలూనాయన కేక పెట్టాడు. ఆయన పాలకపక్షం, నేను ప్రతిపక్షం. ఎనిమిదేళ్లుగా ఆ కుర్చీలో ఏ విషయంలోనూ ఒక్క మాట మీద నిలబడనివాళ్లం, ఇవాళ ఇద్దరం కలిసి టీ తాగాం. హాయిగా ఉందే! పదిహేను రోజులుగా గుండెల మీద కూర్చున్న బండ ఎవరో దించినట్టుంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "ఊఁ" అంటే అది మంచి "ఊఁ" అవునో కాదో నాకు తెలియదు. పైగా ఈసారి చెప్పాల్సింది చాలా ఉంది.

నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు మూలుగుతోంది, దిగేటప్పుడు తిడుతోంది. నేల మీద కూర్చుంటే లేపడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. మందు రోజూ రాస్తున్నాను. సరే, రెండు రోజులకోసారి. నీ ఆకుపచ్చ గొడుగు బీరువా వెనకాల దొరికింది. పనమ్మాయిని అనుమానించావు, పాపం.

ఇక నీ మూడో ప్రశ్న. మీ బడి పేరు జాబితాలో చూసిన రోజు నువ్వు రాసిన ఉత్తరం నా ముందే ఉంది. "తొమ్మిది మంది పిల్లలకి ఇద్దరు టీచర్లా అని పేపరుకి రాసిన ఆ 'పన్ను కట్టే పౌరుడు' ఎవడో గానీ, మంత్రిగారు వాడి ఉత్తరాన్నే సభలో చదివి బడులు మూస్తున్నారు. వాడు నా చేతికి చిక్కితే గంటసేపు మా బడి నేల మీద కూర్చోబెడతాను. ఎవడో కాస్త కనుక్కోండి" అన్నావు.

కనుక్కున్నాను. చెబుతాను, కాస్త ఓపిక పట్టు. ముందు మన సందు చివరి బడి సంగతి విను.

నేను పొద్దున్నే నడిచేది ఆ బడి కిటికీల పక్కనుంచే కదా. నా జబ్బు నీకు తెలిసిందే. ఇరవై తొమ్మిదేళ్లు బస్సులెక్కి టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి, నలుగురు కూర్చున్న చోట నా కళ్లు వాటంతటవే తలలు లెక్కపెట్టేస్తాయి. పెళ్లిపీటల మీద కూడా లెక్కపెట్టానని ఇప్పటికీ దెప్పుతావు. ఆ బడి కిటికీలోంచి ఎప్పుడు చూసినా తొమ్మిది తలలే. నీ ఉత్తరం చదివిన మర్నాడూ తొమ్మిదే. లెక్క పక్కాగా తేల్చుకుందామని మొదటిసారి గేటు తీసుకుని లోపలికి వెళ్లాను.

"ఎవరు కావాలండీ?" అంది పెద్ద టీచరు.

"ఎవరూ వద్దమ్మా. పిల్లల్ని లెక్కపెట్టాలి."

నన్ను ఏ ఆఫీసరో అనుకున్నట్టుంది. "రండి సార్, తనివితీరా లెక్కపెట్టండి" అంటూ తలుపు బార్లా తీసింది.

మూడు బల్లలు. వాటి మీద తొమ్మిది మంది. మిగిలినవాళ్లంతా కిటికీ కింద, గోడ వారన, నేల మీద. ఒళ్లో పుస్తకాలు పెట్టుకుని, వీపులు వంచుకుని రాసుకుంటున్నారు. రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్పై నలుగురు.

"బల్లలేవమ్మా?"

"విరిగిపోయి మూడేళ్లయింది సార్. పై ఆఫీసుకి రాసీ రాసీ చేతులు అరిగిపోయాయి. పిల్లలు తక్కువున్న బడి, ఎలాగూ మూసేసేదే, దానికి కొత్త బల్లలెందుకంటున్నారు. అందుకే వంతులు పెట్టాం. రోజుకి తొమ్మిది మంది పైన కూర్చుంటారు."

ఆ రోజు వంతు వచ్చిన పిల్ల, ఎనిమిదేళ్లుంటాయేమో, నేను నిలబడి ఉన్నానని జరిగి చోటిచ్చింది. మళ్లీ ఆ పిల్ల వంతు రావాలంటే నాలుగు రోజులు పట్టాలి. నేను కూర్చోలేకపోయాను. టికెట్ లేకుండా సీటు కింద దూరి దాక్కున్నవాళ్లని సైతం బయటికి లాగినవాణ్ణి, కిటికీ కింద కూర్చున్న పసిపిల్లల్ని ఇన్నేళ్లూ చూడలేదు. ఇంటికి వచ్చి ఆ పూట అన్నం తినలేదు.

పోయిన మంగళవారం టౌన్‌హాల్లో బడుల మూసివేత మీద జనం మాట వినడానికి ప్రభుత్వ కమిటీ వాళ్లు వచ్చారు. నేనూ వరసలో నిలబడ్డాను. మైకు చేతికి వచ్చింది. నాకు తెలిసింది బస్సులే, అదే చెప్పాను. "అయ్యా, ఆఖరి ట్రిప్పులో ముగ్గురే ఉన్నా బస్సు నడిపేవాళ్లం. ఖాళీగా ఉందని దారిలో దింపేయలేదు. ఆ ముగ్గురూ ఇల్లు చేరాలి కదా. బడీ అంతే. ఎంతమంది ఉన్నారని కాదు, అది లేకపోతే వాళ్లు ఎంత దూరం నడవాలో చూడండి" అన్నాను.

"బాగానే చెప్పారు. కానీ ఈ పౌరుడి లెక్క చూస్తే..." అంటూ కమిటీ పెద్ద ఒక పేపరు ముక్క పైకెత్తాడు.

"ఆ లెక్క తప్పండీ."

"తప్పని మీకెలా తెలుసు?"

"రాసింది నేనే."

హాల్లో ఎవరో "సిగ్గులేదా?" అన్నారు. ఉందన్నాను.

అదీ సంగతి. నువ్వు కనుక్కోమన్న మనిషి మీ ఆయనే. సెలూన్లో ఒకరోజు సర్కారు దుబారా మీద వాదన ముదిరి, నాకూ లెక్కలు తెలుసని చూపించాలన్న పంతంతో రాసి పడేశాను. రాసేటప్పుడు నీ బడి గుర్తుకే రాలేదు. రోజూ నేను తిట్టిపోసే మంత్రే నా ఉత్తరం చదివితే, ఛీ కొట్టాల్సింది పోయి ఆ వారమంతా ఛాతీ విరుచుకుని తిరిగాను. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నీ పిల్లలు ఆ పెద్ద రోడ్డు దాటి ఏడు కిలోమీటర్లు వెళ్లాలని చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వాళ్లలో ఒక్కరికి ఏమైనా నీ మొహం చూడగలిగేవాణ్ణి కాదు.

నా వల్లే ఉత్తర్వు పోయిందనుకునేంత వెర్రివాణ్ణి కాను. ప్రతి ఊళ్లోనూ తల్లులు చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చి మైకులు పట్టుకున్నారట. ఎన్నికలు కూడా దగ్గర పడ్డాయని మా సెలూనాయనే ఒప్పుకున్నాడు. ఎలాగైతేనేం, పోయింది. కానీ రావడంలో మాత్రం నా చెయ్యి ఉంది, అది నేను కాదనలేను. ఉత్తర్వు పోయినా ఇక్కడ బల్లలు ఇంకా రాలేదు. బల్లలివ్వకుండా పిల్లలు లేరనడం ఏం న్యాయమని నిన్న పేపరుకి మళ్లీ రాశాను. ఈసారి పౌరుడూ గీరుడూ లేదు, నా పేరూ మన ఇంటి చిరునామా పెట్టాను. తిట్టేవాళ్లు తిన్నగా ఇంటికే వస్తారు.

శనివారం మొదటి బస్సుకి బయల్దేరుతున్నాను. గొడుగు తెస్తాను. నేను తిన్నగా బడికే వస్తాను. గంటసేపన్నావు, గంటసేపూ నేల మీద కూర్చుంటాను, మోకాలి మాట ఎత్తను. గంట అయ్యాక లేవడానికి చెయ్యి అందిస్తావో లేదో, అది మాత్రం నీ దయ.

ఇట్లు,
మీ ఆయన